పట్టా కింద బండి

తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. ఆదాం తాళాన్ని వెనక్కి తిప్పి, చెయ్యి తీసి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ తిప్పాడు. ఈసారి ఆ టక్ కూడా లేదు. మీటరు పక్కన వెలగాల్సిన ఎర్ర దీపం వెలగనే లేదు.

"మళ్ళీనా?" అంది పుల్లమ్మ వెనక ట్రక్కులోంచి.

వారం రోజుల్లో ఇది మూడోసారి. ఇరవై రెండుమంది ఆడవాళ్ళు అన్నం క్యారేజీలు, నీళ్ళ సీసాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చీరల మీద మగవాళ్ళ ఫుల్‌చేతుల చొక్కాలు, మెడలో ముఖానికి చుట్టుకునే తువ్వాళ్ళు. మిరపకాయ కోతకు పోయేవాళ్ళ వేషం అది. వాళ్ళను పోగుచేసి, ఎవరు ఏ సాలు పట్టాలో చెప్పి పని చేయించే ముఠా పెద్ద పుల్లమ్మ. ఆమె దిగితే అందరూ దిగినట్టే. ఆమె దిగింది.

"కాయ కొయ్యటానికి వస్తున్నామో, బండి తొయ్యటానికి వస్తున్నామో తెలీకుండా ఉందయ్యా ఆదాం. ఏదో ఒకటి తేల్చి చెప్పు, దాన్నిబట్టి తింటాం పొద్దున."

ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఆదాం భార్య హెలెన్ కూడా ఉంది. ఆమె నవ్వలేదు. తువ్వాలు నడుముకు బిగించి వెనక రేకుకు చెయ్యి వేసింది. రెండోసారి తోసినప్పుడు ఇంజను అందుకుంది. ఆదాం యాక్సిలరేటరు మీద కాలు తియ్యకుండా అలాగే కూర్చుని క్యాబిన్ అంతా కలయజూశాడు. లైటు స్విచ్చి కిందికే ఉంది. నెత్తి మీద బల్బు ఆరిపోయే ఉంది. పాటల పెట్టె పోయిన ఉగాదికే పోయింది. మరి బ్యాటరీ ఎందుకు దిగిపోతున్నట్టు?

ఇంకొకటి కూడా ఉంది. క్యాబిన్‌లో సన్నగా పొగాకు ఘాటు. పాదాల కింద రబ్బరు చాప మీద గోధుమరంగు నలుసులు. రాత్రిళ్ళు ఎవరో ఎక్కి కూర్చుని చుట్ట కాలుస్తున్నారా? కాలిస్తే బూడిద ఉండాలి కదా, బూడిద లేదు. ఎడం తలుపు తాళం పడదు, లాగితే ఊడి వస్తుంది, ఎవరైనా ఎక్కొచ్చు. ఆ మాట యజమాని ప్రేమ్‌చంద్‌తో అంటే చుట్ట ఎవరి నోట్లోకి వచ్చి పడుతుందో ఆదాంకు తెలుసు. కల్లం ఊరికీ ఆదాం వాళ్ళ కాలనీకీ సరిగ్గా మధ్యన ఉంది. ఆదాం ఎవరూ చూడకుండా అరచేత్తో నలుసులు ఊడ్చి బయట పారేశాడు. పారేశాక, దొంగపని చేసినట్టు అనిపించి చిరాకేసింది.

కల్లం నిండా ప్రేమ్‌చంద్ ఎనిమిదెకరాల కాయ ఎండుతోంది. మూలన తాటాకు పాక. కోతల కాలం పొడుగునా ప్రేమ్‌చంద్ తల్లి సుబ్బరావమ్మ ఇల్లు వదిలి ఆ పాకలోనే ఉంటుంది. కాయకు కాపలా, రంగు పోయిన తాలుకాయ ఏరటం, కుక్కల్ని తోలటం ఆమె పని. సాయంత్రం ఆడవాళ్ళను దించాక ఆదాం బండిని పాక పక్కనే ఆపుతాడు. మంచు పడకుండా కాయ మీద పట్టాలు కప్పినట్టే దాని మీదా ఓ నల్ల పట్టా కప్పి ఇంటికి పోతాడు. అంతే. ఆ తర్వాత బండి జోలికి ఎవరూ పోరు.

"ఎలకలేరా," అంది సుబ్బరావమ్మ చేటలో కాయ ఆడిస్తూ. "నిరుడు ఇట్టాగే వైర్లన్నీ కొరికి పెట్టినై. మర్చిపోయావా?"

"వైరు కొరికితే అసలు ఎత్తదమ్మా. ఇది తోస్తే ఎత్తుతుంది."

"ఎలకలే," అంది ఆమె మళ్ళీ. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒకసారి ఎలకలన్నాక ఇక ఏనుగులన్నా వినదు.

*

ఆ మధ్యాహ్నమే ప్రేమ్‌చంద్ బండితో సహా ఆదాంను దర్శి తీసుకుపోయాడు. ముప్ఫై ఏళ్ళవాడు. మాట్లాడుతూ ఫోను చూస్తాడు, ఫోను చూస్తూ మాట్లాడతాడు. బస్టాండు వెనక రంజాన్ ఆటో ఎలక్ట్రికల్ షాపు. ఎంతపెద్ద లారీ వచ్చినా రంజాన్ ముందు చేతులు తుడుచుకుంటాడు, తర్వాత టీ తాగుతాడు, ఆ తర్వాతే బండిని చూస్తాడు.

"ఎన్నింటికి ఆపుతున్నావు? ఎన్నింటికి తీస్తున్నావు?" అన్నాడు.

"సాయంత్రం ఆరు. పొద్దున ఆరు," అన్నాడు ఆదాం.

రంజాన్ బ్యాటరీ మీది మూతలు తిప్పి గాజు గొట్టంతో ఒక్కో గదిలో నీళ్ళు పీల్చి ఎండకేసి చూశాడు. గొట్టం లోపలి బిరడా తేలిన ఎత్తు చూసి తల ఆడించాడు. టెర్మినళ్ళ మీద పేరుకున్న పచ్చటి పొడిని వేణ్నీళ్ళు పోసి కడిగాడు. ఇంజను నడుస్తుంటే మీటరు పెట్టి చూశాడు, పద్నాలుగు వోల్టులు చూపించింది. "డైనమో బ్రహ్మాండంగా ఉంది. బ్యాటరీ కూడా మంచిదే." తర్వాత ఇంజను ఆపించి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మధ్యలో చిన్న బల్బు తగిలించాడు.

"బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎటైనా పోతుంటే ఈ బల్బు వెలుగుద్ది. చూడన్నా."

బల్బు వెలగలేదు. లైటు స్విచ్చి వెయ్యమన్నాడు, వెలిగింది. తియ్యమన్నాడు, ఆరింది. బ్రేకు తొక్కమన్నాడు, వెలిగింది. కాలు తీస్తే ఆరింది. హారను, తలుపు బల్బు, అన్నీ అంతే. వేస్తే వెలుగుతున్నాయి, తీస్తే ఆరుతున్నాయి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూసి మళ్ళీ పెట్టాడు. ఆదాం ఆ బల్బునే చూస్తూ కూర్చున్నాడు. అది వెలిగితే బాగుండునని ఉంది అతనికి. బండిలో ఏదో ఒక రోగం దొరికితే బాగుండును.

"ఏం లేదు," అన్నాడు రంజాన్ మోకాళ్ళు దులుపుకుంటూ. "బండిలో ఏ లోపం లేదు."

"మరి ఎట్టా దిగిపోతుంది?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"నిండు బ్యాటరీ పొద్దునకల్లా ఖాళీ కావాలంటే చిన్న లీకు చాలదు ప్రేమ్ గారూ. రాత్రంతా పెద్దదే ఏదో ఆడాలి. లైట్లో, మైకుసెట్టో, అట్టాంటిది."

రంజాన్ మాటవరసకే అన్నాడు. ప్రేమ్‌చంద్ మాత్రం ఫోనులోంచి తల ఎత్తాడు. "మైకుసెట్టా," అన్నాడు. ఆదాంను ఒకసారి చూసి మళ్ళీ ఫోనులోకి వంగాడు.

*

మంగళవారం పొద్దున బండి మళ్ళీ ఎత్తలేదు. కడిగిన టెర్మినళ్ళు తళతళలాడుతున్నాయి, బ్యాటరీ మాత్రం చచ్చిపోయింది. ప్రేమ్‌చంద్ అప్పటికే కల్లంలో ఉన్నాడు. ఆడవాళ్ళు బండి చుట్టూ నిలబడ్డారు.

"మీ కాలనీలో ఈ నెలంతా ప్రార్థనలు కదా," అన్నాడు ప్రేమ్‌చంద్.

"అవును బాబూ. శ్రమల దినాలు. ఈస్టరుకు ముందు నలభై రోజులూ ఇంటికొక రోజు చొప్పున పెట్టుకుంటాం."

"మైకు పెడుతున్నారు."

"పెడుతున్నాం. ఇళ్ళల్లో కరెంటు మీదే."

"కరెంటు పోతే? క్రిస్మస్‌కి పోతే నా బండి బ్యాటరీ మీదే గదా ఆడించావు."

"మిమ్మల్ని అడిగి ఆడించా."

"అప్పుడు అడిగావు. ఇప్పుడు అడగటంలేదు. మీ దేవుడికి నా బ్యాటరీయేనారా దొరికింది?"

ప్రేమ్‌చంద్ ఆదాం కంటే పదిహేనేళ్ళు చిన్న. చిన్నప్పుడు ఆదాం నడిపిన ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని చేనుకు పోయినవాడు. ఇన్నేళ్ళలో ఆదాం అని పిలిచాడు గానీ ఎన్నడూ రా అనలేదు. ఆదాంకు చెవుల దగ్గర వేడెక్కింది. తను సంఘ పెద్దగా వేదిక మీద నిలబడి వాక్యం చదివే మనిషి, ఆ ఇరవై రెండుమందికీ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం అందించే మనిషి. వాళ్ళ ముందే ప్రేమ్‌చంద్ రా అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పబోతే చాప మీది పొగాకు నలుసులు గుర్తొచ్చాయి. తను ఊడ్చి పారేశాడు కదా. ఎందుకు పారేశాడు? అతనికి తెలియకుండానే చూపు క్యాబిన్ తలుపు మీదికి పోయింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అని అందరూ అనుకుంటారు. ఆ అనుకోవటం కూడా అతనికి వినపడినట్టే ఉంది.

"వాడు అట్టాంటోడు కాదురా," అంది సుబ్బరావమ్మ పాక దగ్గర్నుంచి. "ఎలకలని చెప్తుంటే వినవు."

"నువ్వు ఊరుకోమ్మా." ప్రేమ్‌చంద్ చెయ్యి చాపాడు. "సాయంత్రం తాళం నాకివ్వు. బండి ఈ రాత్రికి మా ఇంటి ముందు ఉంటుంది. తేలిపోద్ది."

ఆ రోజు బండి తోసేటప్పుడు పుల్లమ్మ ఏ హాస్యమూ ఆడలేదు. సాయంత్రం ప్రార్థన ఆమె ఇంట్లోనే. ఎవరూ మైకు మాట ఎత్తలేదు. మైకు పెట్టె మూలన ఉన్నది ఉన్నట్టే ఉంది. ఒట్టి గొంతులతోనే పాడారు. పక్క వీధిలో వాళ్ళు కూడా విని ఉండరు, అంత మెల్లగా పాడారు. ఇంటికి వచ్చాక అన్నం పెడుతూ హెలెన్ అడిగింది.

"నువ్వు చెయ్యలేదుగా?"

ఆదాం ఆమెను చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురం.

"అది కాదు. ఎవరన్నా అడిగితే ఇచ్చావేమో అని," అంది హెలెన్ కూరగిన్నె సర్దుతూ.

అతను పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ప్రేమ్‌చంద్ మాట కంటే ఇది ఎక్కువ నొప్పి పెట్టింది. హెలెన్‌ను కోప్పడదామనుకుంటే, ఆమె అడిగింది తప్పు కూడా అనిపించలేదు. తాళాలు తన దగ్గర, బండి తన చేతిలో, దిగిపోయింది ఆ బండి బ్యాటరీయే. ఇంకెవర్ని అడుగుతారు?

బుధవారం పొద్దున ప్రేమ్‌చంద్ ఇంటి ముందు బండి తాళం ముట్టుకోగానే లేచింది. మెట్ల మీద నిలబడి ప్రేమ్‌చంద్ చూశాడు. తేలిపోయింది అన్నట్టు తల ఊపి లోపలికి పోయాడు. ఆడవాళ్ళు కూడా ఆ రోజు ముఖాలకు తువ్వాళ్ళు తొందరగా చుట్టుకున్నట్టు అనిపించింది ఆదాంకు. నిజంగా చుట్టుకున్నారో, తనకే అలా అనిపించిందో చెప్పలేడు.

ఇంటి సందులో బండి పెడితే ట్రాక్టరు తిరగటంలేదు. అందుకని బుధవారం సాయంత్రం బండి మళ్ళీ కల్లానికే వచ్చింది. ఆదాం స్విచ్చి మూడుసార్లు చూశాడు. ముందు లైట్ల అద్దాలకు అరచెయ్యి ఆనించి వేడి లేదని చూసుకున్నాడు. పట్టా కప్పి తాళ్ళు కట్టాడు. కాలనీ దారిలో సగం దూరం పోయాక లైటు స్విచ్చి తీశానా అని అనుమానం వచ్చింది. తీశాడని తెలుసు. అయినా వెనక్కి వచ్చాడు. సుబ్బరావమ్మ పాక గుమ్మంలో రెండు చేతులూ వెనక పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏరా, మళ్ళీ వచ్చావే?"

"ఏం లేదమ్మా. ఒకసారి చూసిపోదామని."

పట్టా ముందు కొస ఎత్తి చూశాడు. తీసే ఉంది. మళ్ళీ కప్పాడు. ముసలామె అతను రోడ్డెక్కేదాకా అక్కడే నిలబడింది.

గురువారం పొద్దున బండి ఎత్తలేదు.

*

ఈసారి ప్రేమ్‌చంద్ కోప్పడలేదు. "కోతలు అయ్యేదాకా నడుపు ఆదాం. తర్వాత నేనింకెవర్నన్నా చూసుకుంటా," అన్నాడు. అనేసి కాయ ఎంత ఎండిందో విరిచి చూసుకుంటూ పోయాడు.

బండి నడపటం పోతే ఇంకో బండి దొరుకుతుంది. ఆదాం దిగులు అది కాదు. ఈ మాట మాత్రం పోదు. రేపు ఏ కల్లంలోకి పోయినా, ఏ బండి తాళం అడిగినా, ప్రార్థన మైకుకు బ్యాటరీ దొంగిలించినోడు గదా అంటారు. ఇక బల్ల దగ్గర పళ్ళెం ఎట్లా పట్టుకోవాలి? తన మీద తనకే నమ్మకం తప్పిపోతోంది. నిద్రలో లేచి వచ్చి ఏమన్నా చేస్తున్నానా అనిపించి, ఆ ఆలోచనకు తనే భయపడ్డాడు. "బండికి ప్రార్థన చేయించరాదూ," అంది పుల్లమ్మ. వేళాకోళమో నిజమో తెలియలేదు. అతను కాసేపు నిజంగానే ఆలోచించాడు.

ఆడవాళ్ళను చేనులో దించి, బండి అక్కడే వదిలి, బస్సెక్కి దర్శి వెళ్ళాడు. రంజాన్ ఆటో కింద పడుకుని ఉన్నాడు. ఆదాం ఆ ఆటో పక్కనే గొంతుక్కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఇంటి ముందు పెడితే ఎత్తింది, కల్లంలో పెడితే ఎత్తటంలేదు అన్నాడు. చుట్ట వాసన సంగతి కూడా చెప్పాడు. అది అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రంజాన్ కిందనుంచి బయటికి జరిగి లేచి కూర్చున్నాడు.

"తప్పు నాదేనన్నా. రోగం ఒకచోట, నేను చూసింది ఇంకోచోట. షాపులో అన్నీ విప్పి, పట్టా లేకుండా, పట్టపగలు చూశా. అది రాత్రి కల్లంలో ఎట్టా ఉంటదో అట్టాగే చూడాలి. ఎవరూ చెయ్యి వెయ్యకముందు. పట్టా ఎవరు తీస్తారు పొద్దున?"

"నేను పోయేసరికి తీసే ఉంటుంది. అమ్మగారు తీస్తారు."

"అంతకుముందే పోవాలి. రేపు ఐదున్నరకి వస్తా. మీ ప్రేమ్ గారిని గూడా రమ్మను."

"ఎందుకు?"

"ఆయన లేకుండా మనిద్దరం ఏం చూసినా అది చూసినట్టు కాదు."

అది నిజమే. ఆదాం వెళ్ళి ప్రేమ్‌చంద్‌ను పిలిచాడు. "మీ కళ్ళతో మీరే చూడండి బాబూ. నా పనే అని తేలితే కోతలయ్యేదాకా కూడా ఆగొద్దు," అన్నాడు. అన్నాక అనుమానం పట్టుకుంది. ఒకవేళ తన పనే అని తేలితే? ఎట్లా తేలుతుంది, చెయ్యలేదు కదా? అయినా అనుమానం పోలేదు.

*

శుక్రవారం తెల్లవారక ముందే ముగ్గురూ కల్లం బయట కలుసుకున్నారు. రంజాన్ మోటారుసైకిలు వెనక ఇంకో బ్యాటరీ కట్టుకుని వచ్చాడు. ప్రేమ్‌చంద్ తల మీదుగా దుప్పటి కప్పుకున్నాడు. చలికి ముక్కు ఎగబీలుస్తూ, "ఏం చూడాలి?" అన్నాడు.

"ఏమీ ముట్టుకోవద్దు. ఊరికే చుట్టూ తిరుగుదాం," అన్నాడు రంజాన్.

పట్టా కప్పే ఉంది. తాళ్ళు ఆదాం కట్టినట్టే ఉన్నాయి, ఎడం పక్క ఒకటి తప్ప. అది ఆదాం వేసే ముడి కాదు. అతను దానివైపు చూస్తూ బండి వెనక్కి నడిచాడు. అక్కడ పట్టా నేలకు జానెడు ఎత్తున ఆగిపోయింది. వెనక నేలంతా ఎండబోసిన కాయ. తెల్లవారకముందు మిరపకాయ నల్లగా కనపడుతుంది. కల్లమంతా నల్లగానే ఉంది. బండి వెనక మాత్రం బారెడు మేర ఎర్రగా ఉంది.

ఆదాం కళ్ళు నులుముకున్నాడు. ఇదేమిటో వెంటనే అర్థం కాలేదు. "రంజాన్ భాయ్, ఇటు చూడు," అన్నాడు.

రంజాన్ వచ్చి చూసి పట్టా పైకెత్తాడు. వెనక రెండు బ్రేకు లైట్లూ వెలుగుతున్నాయి. ఆరిపోవటానికి సిద్ధంగా, నీరసంగా, కానీ వెలుగుతున్నాయి. రాత్రంతా వెలిగి ఉంటాయి. ఇన్ని రోజులూ ఆదాం అరచెయ్యి ఆనించి చూసింది ముందు లైట్లనే.

"బ్రేకు ఎవరు తొక్కుతున్నారు?" అన్నాడు ప్రేమ్‌చంద్. బండిలో ఎవరో ఉన్నారనుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

రంజాన్ ఎడం తలుపు లాగి తీశాడు. ఘాటు గుప్పున కొట్టింది. పెడళ్ళ దగ్గర, స్టీరింగు కింద, పొగాకు కాడల కట్ట ఒకటి అడ్డంగా కుక్కి ఉంది. గోనెతాడుతో బిగించి కట్టిన కట్ట, రెండు చేతులకు చాలనంత లావు. అది బ్రేకు పెడలు మీద ఆనుకుని దాన్ని కిందికి అదిమి పెట్టింది.

"ఇవ్వరా, అది నాదే," అంది సుబ్బరావమ్మ. పాకలోంచి కొంగు సర్దుకుంటూ వచ్చి కట్ట అందుకోబోయింది. ముగ్గుర్నీ చూసి ఆగింది. "ఇంత పొద్దున్నే వచ్చారేం?"

"ఇదేందమ్మా?" అన్నాడు ప్రేమ్‌చంద్.

"పొగాకు కాడలు. ఈ వాసనకి ఎలక చేరదు. నిరుడు కాళ్ళ దగ్గర్నుంచే గదా లోపలికి దూరింది. పగలు గూడా ఉంచుదామంటే బండెక్కే ఆడోళ్ళకి ఆ వాసన పడదు. ఆదాం చూస్తే వద్దమ్మా అంటాడు. అందుకని వాడు పోయాక పెట్టి, వాడు రాకముందు తీసేస్తన్నా. బండి ఎత్తటంలేదంటే ఎలకలు ఎక్కువైనై అనుకున్నా. ఇంకో రెండు పిడికిళ్ళు కలిపి లావుగా కట్టా."

బ్యాటరీకీ కాళ్ళ దగ్గర పెట్టిన కట్టకూ సంబంధం ఉంటుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? రంజాన్ విడమరిచి చెప్పాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"కొండను తవ్వి ఎలకను పట్టారంటారు. ఇక్కడ ఎలక గూడా లేదు," అన్నాడు రంజాన్.

ప్రేమ్‌చంద్‌కు నవ్వు వచ్చింది. దుప్పటి జారిపోయేంత నవ్వాడు. భార్యకు ఫోను చేశాడు. "తేజూ, దొంగ దొరికింది. ఎవరనుకున్నావు, మా అమ్మే," అని మళ్ళీ నవ్వాడు. రంజాన్ తను తెచ్చిన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి ఇంజను లేపాడు. "ఇది దిగిపోయి ఉంది. గంటసేపన్నా ఇంజను ఆపొద్దు. ఆపారంటే మళ్ళీ ఎత్తదు," అని చెప్పి, తన బ్యాటరీ కట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆదాం భుజం మీద ఒకసారి చెయ్యి వేశాడు.

అప్పటికి వెలుగు వచ్చింది. ఆడవాళ్ళు వచ్చారు. ప్రేమ్‌చంద్ వాళ్ళకు కూడా కథంతా చెప్పాడు, కట్ట ఎత్తి చూపించాడు. వాళ్ళూ నవ్వారు. సుబ్బరావమ్మ కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ఆదాంకు కూడా నోరు సాగింది. తను నవ్వుతున్నాడని తెలుసుకుని ఆపేశాడు.

"సరే సరే, ఎక్కండి. ఎండెక్కుద్ది," అన్నాడు ప్రేమ్‌చంద్. "ఎక్కు ఆదాం."

ఆదాం ఎక్కలేదు. కావాలని ఆగలేదు. కాళ్ళు కదలలేదు. అంత బరువు దిగిపోయాక హాయిగా ఉండాలి కదా, ఉండటంలేదేమిటని అతనికే తికమకగా ఉంది.

"బాబూ," అన్నాడు. "మంగళవారం ఇక్కడే ఒక మాటన్నారు. వీళ్ళందరి ముందూ."

"అదా. ఏదో కోపంలో అన్నాలే. అమ్మ చేసిందని తేలిపోయింది గదా."

"అమ్మ చేస్తే మీకు నవ్వొచ్చింది. నేను చేశాననుకున్నప్పుడు రాలా."

ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది. ఇంజను మాత్రం దడదడమని కొట్టుకుంటోంది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు ప్రేమ్‌చంద్. నిజంగానే తెలియక అడిగాడు.

"ఏమో బాబూ," అన్నాడు ఆదాం. అతనికీ తెలియదు.

సుబ్బరావమ్మ ముందుకు వచ్చింది. "తప్పు నాదిరా ఆదాం. ముసలిదాన్ని, తెలీక చేశా."

"మీరు నన్నేం అనలేదమ్మా," అన్నాడు ఆదాం.

పుల్లమ్మ చేతిలో క్యారేజీ కింద పెట్టింది. దాని పక్కనే తనూ కూర్చుంది. హెలెన్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కూర్చుని మొగుడి ముఖంలోకి చూసింది. మంగళవారం తర్వాత ఆమె అట్లా చూడటం అదే మొదలు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ప్రేమ్‌చంద్ వాళ్ళను చూశాడు, ఆకాశం చూశాడు. పడమట మబ్బు పట్టి ఉంది. చేలో పండిన కాయ ఇంకా సగం చెట్టు మీదే ఉంది.

"చెప్పరా," అంది సుబ్బరావమ్మ కొడుకుతో. "నేను చెప్తే చాలదంటన్నాడు గదా."

ప్రేమ్‌చంద్ నేలను చూస్తూ ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి.

"వినపళ్ళా బాబూ," అంది పుల్లమ్మ. "ఇంజను మోత."

మళ్ళీ అన్నాడు, కాస్త గట్టిగా. పుల్లమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆమె ముఖంలో వేళాకోళం ఏమీ లేదు. మైకు ఉంటే బాగుండేది గానీ ఆ మాట ఎవరూ అనలేదు. ఇంకా గట్టిగా అనాలంటే అరవాలి. అరిచి చెప్పే మాట కాదు అది. ప్రేమ్‌చంద్ ఒక నిమిషం అట్లాగే నిలబడ్డాడు. తర్వాత క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు.

ఇంజను ఆగిపోయింది. కల్లంలో కాయ మీద వాలిన పిచుకల చప్పుడు వినపడింది.

"ఆదాం నా బ్యాటరీ వాడలా," అన్నాడు. "మైకుకి గానీ దేనికి గానీ. మీ సంఘంలో ఎవరూ వాడలా. నేను తెలుసుకోకుండా అన్నాను." ఆగాడు. ఇంకా ఏదో మిగిలిందని అతనికే అనిపించినట్టుంది. "అనకూడని మాటన్నాను. తప్పు నాది."

ముఖం ఎర్రబడింది. ఎవరి ముఖంలోకీ చూడలేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. అయినా చెప్పాడు. ఇరవై రెండుమందికీ వినపడింది.

పుల్లమ్మ చీర దులుపుకుని లేచింది. "అయితే ఇయ్యాళ ప్రార్థనకి మైకు పెట్టుకోవచ్చన్నమాట," అంది. హెలెన్ తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆదాం వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. టక్ కూడా లేదు.

"దిగండి, దిగండి," అంది పుల్లమ్మ అప్పుడే ఎక్కబోతున్నవాళ్ళతో. అందరూ వెనక్కి పోయారు. ప్రేమ్‌చంద్ కాసేపు పక్కన నిలబడి చూశాడు. తర్వాత దుప్పటి తల్లి చేతికి ఇచ్చి, చెప్పులు విడిచి, ఆడవాళ్ళ మధ్యన దూరి రేకుకు రెండు చేతులూ ఆనించాడు. ఆదాం అద్దంలో అది చూశాడు. ఏమనుకోవాలో తెలియలేదు. సంతోషం ఉంది, అవమానం ఇంకా పోలేదు, జాలి కూడా ఏదో మూల ఉంది. ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి లాగుతోంది.

తోశారు. బండి కదల్లేదు. మళ్ళీ తోశారు. ప్రేమ్‌చంద్ మెడ నరాలు బిగుసుకున్నాయి. కాళ్ళు కాయ మీద జారాయి.

"ఓ ఆదాం," అని వెనకనుంచి పుల్లమ్మ కేక వేసింది. "ఎర్ర లైటు వెలుగుతా ఉంది. బ్రేకు మీద కాలు తియ్యి."

ఆదాం కిందికి చూసుకున్నాడు. కాలు బ్రేకు మీదే ఉంది, గట్టిగా అదిమి ఉంది. మర్చిపోయి పెట్టాడో, మర్చిపోకుండానే పెట్టాడో అతనికి తెలియలేదు. కాసేపు అట్లాగే ఉంచి, అప్పుడు తీశాడు.